తెల్ల వరుస కొస

గోడలకు రంగు వేయించుకోవడం ఇంత చదువు కావలసిన పని అని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మొన్న బడంగ్‌పేటలో మా వీధి మొదట్లో ఉన్న పెయింట్ల దుకాణానికి పోయి, హాలుకు తెలుపు కావాలన్నాను. ఏ తెలుపు అని అడిగాడు దుకాణదారు. తెలుపులో ఏదని అడిగే రోజులు వచ్చినట్టు నాకు తెలియదు. పాల తెలుపు, ముత్యం తెలుపు, ఏనుగు దంతం తెలుపు, గుడ్డు పెంకు తెలుపు అంటూ విసనకర్రలా విచ్చుకునే అట్టముక్కల కట్ట ఒకటి నా ముందు విప్పాడు. నా కళ్లకు అన్నీ ఒకటే. కొన్ని ఉతికినట్టున్నాయి, కొన్ని ఉతకనట్టున్నాయి, అంతే తేడా. ఇవన్నీ కాదు, మామూలు తెలుపు లేదా అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "ఒట్టి తెలుపు ఇప్పుడు ఎవ్వలు అడుగుతలేరు సార్. ఇంట్ల మంచిగుండదంటున్నరు" అన్నాడు. చివరికి గుడ్డు పెంకు తెచ్చుకున్నాను. హాలు ఇప్పుడు పొదిగిన కోడి లేచిపోయిన గంపలా ఉంది. అది వేరే బాధ. దారి పొడుగునా మాత్రం ఆ దుకాణదారు మాటే నములుతూ వచ్చాను. ఒట్టి తెలుపును ఎవ్వరూ అడగకపోవడం నాకు కొత్త సంగతి కాదు. చాలా యేళ్ల కింద, శంషాబాద్‌లో మా బావ బడి పక్కనున్న ఖాళీ జాగాలో, ఒక జనవరి నెలంతా చూసిన సంగతే అది.

బావ అంటే మా అక్క భర్త. విమానాశ్రయం రాకముందు ఆయన లెక్కల ట్యూషన్లు చెప్పుకునే మనిషి. విమానాశ్రయం వచ్చాక బెంగళూరు రోడ్డు పొంటి ఉన్న జొన్నచేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి, ఆ ఇళ్లల్లోకి ఎక్కడెక్కడి వాళ్లో కిరాయికి దిగారు, వాళ్ల పిల్లలకు ఇంగ్లీషు మీడియం అవసరం పడింది. బావ రెండంతస్తుల ఇల్లొకటి కిరాయికి తీసుకొని బోర్డు పెట్టేశాడు. బోర్డు మీది పేరులో 'ఇంటర్నేషనల్' అన్న మాట ఉండేది. ఇన్ని విమానాలు తలమీంచి పోతుంటే ఆ మాట పెట్టకపోవడమే అబద్ధమవుతుందని ఆయన వాదన. బడికి నాలుగిళ్ల అవతల మా ఇల్లు. అందులో అమ్మ, నేను, మా వదిన, వదిన కూతురు.

జెండా విషయంలో బావతో పరాచికాలు నడిచేవి కావు. మామూలు రోజుల్లో నవ్వుతూ తిరిగే మనిషే, ఆగస్టు పదిహేను దగ్గరపడితే మెడ నిటారయ్యేది. ఆ సాయంత్రం ఊరంతా టీవీల ముందు కూర్చుంటే ఆయన స్కూటరు తీసుకొని రోడ్డు మీద పడి ఉన్న కాగితం జెండాలు ఏరుకొచ్చేవాడు. లారీల కింద పడిపోతుంటే చూస్తూ కూర్చోలేడు. ఏరినవన్నీ ఆఫీసు గదిలో బీరువా మీది అట్టపెట్టెలో చేరేవి. ఆ పెట్టెను ఏం చేయాలో ఆయనకూ తెలియదు. పారేయడానికి మనసొప్పదు, పారేయకుండా ఉంచడానికి చోటు చాలదు. పెట్టె నిండితే ఇంకో పెట్టె వచ్చేది. ఆ గది గోడకు పెద్ద చార్టు ఒకటి ఉండేది. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు సత్యానికి, శాంతికి. పచ్చ పంటలకు, నేల సిరికి. నడుమ చక్రం ధర్మానికి, ఆగకుండా నడవడానికి. ఈ రంగు వీళ్లది, ఆ రంగు వాళ్లది అని ఎవరైనా నోరు జారితే బావ వాళ్లను భుజం పట్టి తీసుకుపోయి ఆ చార్టు ముందు నిలబెట్టేవాడు. "రంగులు మనుషులయి కావు, గుణాలయి" అనేవాడు. ఆ మాట నాకు నచ్చేది. ఇప్పటికీ నచ్చుతుంది. అందుకే ఈ సంగతి రాయడం ఇబ్బందిగా ఉంది. చెడ్డవాడి గురించి రాయడమైతే ఎంతో సుఖం.

విమానాశ్రయం తెరిచిన మూడో యేడో నాలుగో యేడో, జనవరి ఇరవై ఆరు ముందర ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. బడి పక్కన ప్లాట్లు చేసి అమ్ముడుపోక ఊరుకున్న పెద్ద జాగా ఉంది కదా, అందులో పిల్లలందరినీ మూడు రంగుల బట్టల్లో మూడు పట్టీలుగా నిలబెడితే, పైనుంచి చూసేవాళ్లకు జెండా పరిచినట్టు కనిపిస్తుంది. పైనుంచి చూసేవాళ్లంటే విమానంలో వాళ్లు. వాళ్లకు ఇది ఇండియా అని తెలియాలి అన్నాడు. టికెట్ మీద రాసి ఉంటుంది కదా బావా అన్నాను.

నేను అప్పుడు విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పని చేసేవాడిని. బయటి దేశాలకు పోయే పెట్టెల మీద చీటీలు సరిగ్గా అంటించారో లేదో చూడడం నా ఉద్యోగం. విమానం నాకు ఎంత దూరమో రోడ్డు మీద కంకులు అమ్మేవాళ్లకూ అంతే దూరం. కానీ మా ఇంట్లో, వీధిలో, నన్ను పైలట్ తరువాతి మనిషిగా లెక్కపెట్టేవాళ్లు. కాబట్టి విమానాలు ఎటు నుంచి పోతాయో, కాషాయం ఎటు పెట్టాలో తేల్చే భారం నా మీద పడింది. నాకు తెలిసినంత చెప్పాను. గాలి మారితే విమానాలు లేచే దిక్కు మారుతుంది, బడికి ఈ పక్కనుంచి పోతే కాషాయం పైన కనిపిస్తుంది, ఆ పక్కనుంచి పోతే పచ్చ పైన కనిపిస్తుంది, నేరుగా మీదుగా పోతే ఎవరికీ ఏమీ కనిపించదు, కనిపించే కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లలో సగం మంది నిద్రలో ఉంటారు అన్నాను. బావ అంతా విని, "గాలినడిగి జెండ పెడ్తమా బామ్మర్దీ?" అన్నాడు. తరువాత ఒక వారం రోజులు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకొని బడి డాబా ఎక్కి విమానాలను స్వయంగా గమనించి, కాషాయం రోడ్డు వైపు అని తీర్మానించాడు. గాలి కూడా ఆయన మాట వింటుందనే నమ్మకంతో మేమందరం పనిలో పడ్డాం.

బట్టల దగ్గర అసలు రంగులు బయటపడ్డాయి. కాషాయం వరుసకు పిల్లలు ఎగబడ్డారు. పచ్చకు కూడా కొదవ లేకపోయింది. పంటల రంగు అనేసరికి చుట్టుపక్కల రైతు కుటుంబాల వాళ్లు అది తమదేనన్నట్టు అడిగి మరీ తీసుకున్నారు. వాళ్లలో చాలామంది చేలు అప్పటికే ప్లాట్లయ్యాయన్న మాట ఎవరూ ఎత్తలేదు. మిగిలింది తెలుపు. మగపిల్లలతో పేచీ రాలేదు, శనివారం తెల్ల యూనిఫారం ఎలాగూ ఉంది. ఆడపిల్లల తల్లులు మాత్రం ఒక్కొక్కరే ఆఫీసు గదికి రావడం మొదలుపెట్టారు. నేను ఆ గదిలో ఉండగానే ఒకామె వచ్చి, "పండుగపూట ఆడివిల్లకు తెల్లబట్టలేంది సార్? వాళ్ల నాయిన మంచిగనే ఉన్నడు గదా" అన్నది. బావ అలవాటు ప్రకారం ఆమెను చార్టు ముందుకు తీసుకుపోయాడు. ఆమె ఓపికగా అంతా చదివింది. "శాంతి మంచిదే సార్. నా బిడ్డకు పచ్చ ఇయ్యున్రి" అన్నది. బావ ఇచ్చాడు. అట్లా అడిగిన వాళ్లందరికీ ఇచ్చాడు. చివరికి మా జెండాలో సత్యం, శాంతి పూర్తిగా మగపిల్లల చేతుల్లో పడ్డాయి. దేశంలో ఎక్కడా జరగనిది మా దగ్గర జరిగింది.

పిల్లలను వరుసలో నిలబెట్టడమంటే నీళ్లను వరుసలో నిలబెట్టడమే కాబట్టి, ప్రతి పట్టీకి రెండు కొసల్లోనూ ఒక్కో టీచరు గుంజలాగా నిలబడాలని బావ పెట్టిన ఏర్పాటు. ఆ పట్టీ రంగు చీర కట్టుకోవాలి. ఇక్కడ మళ్లీ తెలుపు మొండికేసింది. టీచర్లలో ఒకామెకు తెల్ల చీర లేదు, ఒకామెకు అత్తగారు ఉంది. మైలార్‌దేవ్‌పల్లి నుంచి బస్సులో వచ్చే టీచరు ఒకామె, ఆదివారం చర్చికి పోయే మనిషి, ఈ తంటా అంతా చూసి నవ్వింది. తమలో పెండ్లికూతురు కట్టుకునేదే తెల్ల చీర అని, తన పెండ్లి చీర పెట్టెలో ఊరికే పడి ఉందని, ఈ వంకనైనా ఒకసారి బయటికి తీస్తానని చెప్పింది. అట్లా ఒక కొస దొరికింది. రెండో కొసకు డ్రిల్ మాస్టరును పెట్టారు. ఆయనకు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఉద్యోగంలో భాగమే. అంటే అప్పటికి జెండా అంతా కుదిరినట్టే. ఈ మాట జాగ్రత్తగా చెబుతున్నాను. ఎక్కడా ఒక్క మనిషి కూడా తక్కువ లేరు.

ఇప్పుడు వదిన గురించి చెప్పాలి. మా అన్న క్యాబ్ నడిపేవాడు. ఆ జనవరికి రెండేళ్ల ముందు కామెర్లతో పోయాడు. వదినకు అప్పటికి ముప్పై నిండలేదు. ఇంటర్ చదివి ఉంది కనుక బావ తన బడిలో ఒకటో తరగతి ఇచ్చాడు. ఆమె బావను బడిలో 'సార్' అని, ఇంట్లో 'అన్నా' అని పిలిచేది. మా అక్క ఆమెకు ఆడబిడ్డ కాబట్టి అక్కను 'వదినా' అనేది. నేను ఈమెను 'వదినా' అని కేకేస్తే అక్క కూడా తల తిప్పేది. అన్న పోయినప్పటి నుంచి వదినను మా ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఈ సంగతి అమ్మ బంధువులకు గర్వంగా చెప్పుకునేది. నిజమే. అనవలసిన అవసరం లేకుండానే అన్నీ జరిగిపోయాయి. ఆమె చీరలు ఒక్కొక్కటే మారి బూడిద రంగుకు, మబ్బు రంగుకు వచ్చి ఆగాయి. పెండ్లిళ్లకు వచ్చేది, వంటల దగ్గర వెనకాల కూర్చొని వెల్లుల్లి పొట్టు తీసేది. నేను పొద్దున ఉద్యోగానికి బయలుదేరేటప్పుడు ఎదురు రాకూడదని వంటింట్లోనే ఆగేది. నా టిఫిన్ డబ్బా గడప మీద ఉండేది. నేను రావద్దని ఏనాడూ అనలేదు. రమ్మని కూడా ఏనాడూ అనలేదు. డబ్బా తీసుకొని పోయేవాడిని. బడికి పోయి ఎప్పుడైనా చూస్తే మాత్రం ఆమె వేరే మనిషి. గొంతు పక్క వీధికి వినిపించేది. ఒకటో తరగతి పిల్లలు ఆమె కొంగు వదిలేవాళ్లు కాదు. ఒకళ్ల చేతిలోంచి గుంజి ఇంకొకళ్లు పట్టుకునేవాళ్లు.

ఆ ఒకటో తరగతే కాషాయం పట్టీలో ముందు వరుస. చిన్నపిల్లలు ముందుండాలి కనుక అట్లా వచ్చింది. వదిన కూతురు కూడా అందులోనే. జనవరి మొదటినుంచీ వదిన ఆ పిల్లలను రోజూ ఖాళీ జాగాలోకి తీసుకుపోయి, ముగ్గుతో గీత గీసి, గీత మీద నిలబడడం నేర్పింది. రంగుల అర్థాలు కూడా నేర్పింది. ధైర్యం అంటే ఏంది అని అడిగితే, చీకట్ల ఒక్కడే బాత్రూంకు పోవుడు టీచర్ అన్నాడట ఒకడు. త్యాగం అంటే తన పెన్సిల్ పక్క పిల్లకు ఇచ్చి మళ్లీ అడగకపోవుడు అన్నదట ఇంకొకతి. రాత్రి అన్నాలప్పుడు వదిన ఇవన్నీ చెప్పి నవ్వేది. ఆమె నవ్వితే ఆమె కూతురు నవ్వేది, ఆ పిల్ల నవ్వితే అమ్మ నవ్వేది. మా ఇంట్లో అట్లా నవ్వు వినిపించి చాలా కాలమైంది. ఆ నెలంతా నేను పనినుంచి కాస్త తొందరగా ఇల్లు చేరేవాడిని.

కాషాయం పట్టీ టీచరు కాషాయం చీర కట్టాలి కదా. వదినకు ఒకటుంది. బోనాలకని మా అన్న పాతబస్తీలో మదీనా దగ్గర కొనుక్కొచ్చిన చీర. పండిన నారింజ రంగు, సన్నటి పచ్చ అంచు. ఒక ఆదివారం పొద్దున ఆమె దాన్ని పెట్టెలోంచి తీసి, కలరా ఉండల వాసన పోవడానికి డాబా మీద తీగకు ఆరేసింది. మా వాకిట్లో ఏ మూల నిలబడినా అది కనిపిస్తుంది. మబ్బు రంగు చీరల పక్కన ఆ చీర ఎంత వెలుగుగా ఉందంటే, వీధిలో పోయేవాళ్లు కూడా ఒకసారి తలెత్తి చూశారు. నేనూ చూశాను. బాగుందనిపించింది. నోటితో అనలేదు. వదిన కింద పిల్లకు తలదువ్వుతూ కూనిరాగం తీస్తోంది. అమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ తల పైకెత్తి, చీపురు పక్కన పెట్టి, లోపలికి పోయి అక్కకు ఫోన్ చేసింది.

అక్క మధ్యాహ్నానికి వచ్చింది. ఆమె కూడా చెడ్డది కాదు. అన్న పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమె. బడి పిల్లల ముచ్చటే కదా, కట్టుకోనియ్యి అని మొదట అమ్మతోనే వాదించింది. అమ్మ గొంతు పెంచలేదు. "అందరొస్తరు బిడ్డా. ఆమెను గా రంగు చీరల ముందల నిలవెడితే, వాడు పోయి మనకు పానం కుదుటవడ్డదనుకుంటరు" అన్నది. అన్న పేరు వచ్చాక మా ఇంట్లో ఎవరి వాదనా నిలబడేది కాదు. నేను వాకిట్లో మంచం మీద కూర్చొని పేపరు చదువుతున్నాను. అంటే పేపరు వెనక ఉన్నాను.

మరునాడు ప్రాక్టీసులో బావ మైకు పట్టుకొని చిన్న మార్పు ఒకటి ప్రకటించాడు. డ్రిల్ మాస్టరు ఈల వేయడానికి జెండా బయట ఉండాలి కనుక, తెల్ల వరుస కొసకు ఒకటో తరగతి టీచరు పోతారు. ఒకటో తరగతి దగ్గర మేడం నిలబడతారు అన్నాడు. మేడం అంటే మా అక్క. డ్రిల్ మాస్టరు జెండా లోపల నిలబడే ఈల వేయగలడని అక్కడ అందరికీ తెలుసు. అంతమంది తల్లులను చార్టు ముందు నిలబెట్టిన మనిషి, ఆ రోజు తన ఇంటి మాటకు చార్టు వైపు చూడనైనా చూడలేదు. వదిన ముగ్గు డబ్బా కింద పెట్టి, "సరే సార్" అన్నది. అంతే. సాయంత్రం అక్క దుకాణం కవరులో కొత్త చీర తెచ్చిచ్చింది. తెల్లది, సన్నటి వెండిరంగు అంచు. అంచున్నదే చూసి తెచ్చానని, మరీ ఒట్టి తెలుపు కాదని అక్క ఒకటికి రెండుసార్లు చెప్పింది. తీగ మీది చీర ఎప్పుడు పెట్టెలోకి పోయిందో నేను చూడలేదు. రాత్రి అన్నాలప్పుడు నవ్వించడానికి నేనేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. ఎవరూ నవ్వలేదన్నది గుర్తుంది. త్యాగం రంగు కాషాయమని మా బావ గోడ మీద రాసి ఉంది. మా ఇంట్లో మాత్రం త్యాగం చేసిన మనిషికి తెలుపు ఇచ్చాం.

ఇరవై ఆరు పొద్దున పొగమంచు. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభమే కనిపించనంత మంచు. విమానాలు ఆలస్యమని నాకు ముందే తెలుసు, బావకు చెప్పే ధైర్యం చేయలేదు. జెండా ఎగిరింది, బంతిపూల రెక్కలు రాలాయి, జనగణమన అయింది. తరువాత, నేల మీద మంచు కొంత విడగానే, అందరినీ ఖాళీ జాగాలోకి నడిపించారు. ప్లాట్ల హద్దురాళ్లు తట్టుకొని కొందరు పడ్డారు, లేచారు. నడుమ నీలం స్కూలు బ్యాగులు గుండ్రంగా పేర్చి చక్రం చేశారు. తల్లిదండ్రులు గోడ పొంటి కుర్చీల్లో కూర్చున్నారు, అమ్మ ముందు వరుసలో. రోడ్డు వైపు కాషాయం కొసలో అక్క పట్టుచీరలో నిలబడింది. తెలుపుకు ఒక కొసన మైలార్‌దేవ్‌పల్లి టీచరు తన పెండ్లి చీరలో, ఇంకో కొసన వదిన. రెండూ తెల్ల చీరలే. దూరం నుంచి చూస్తే ఒకే మనిషి రెండు చోట్ల నిలబడినట్టుంది. దగ్గరికి పోతే ఒకామె ముఖం పండుగలా ఉంది. రెండో ముఖం వైపు నేను చూడలేదు. నాకు మైకు ఇచ్చారు, రంగుల అర్థాలు చదవమని. మాటకారినని పేరు కదా.

కాషాయం అంటే ధైర్యం అని నేను మొదలుపెట్టగానే ఒకటో తరగతి కదిలింది. మొదట కదిలింది వదిన కూతురే అని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ కాదు. ముక్కు కారుతున్న వేరే పిల్ల. వెనక్కి తిరిగి, తన టీచరు తెల్ల వరుస చివర ఉండడం చూసి, గీత దాటి, నడుచుకుంటూ పోయి ఆ తెల్ల కొంగు పట్టుకుంది. ఆ పిల్ల వెనక ఇంకొకడు, వాడి వెనక ఇద్దరు, తరువాత తరగతి తరగతే. మంచి చీరతో కలిపి నానబెట్టిన చౌక బట్టలాగా, మా జెండాలో కాషాయం తెలుపులోకి దిగిపోయింది. డ్రిల్ మాస్టరు ఈల వేశాడు. అక్క చేతులు చాపి కొందరిని ఆపబోయింది, వాళ్లు ఆమె చేతుల కిందినుంచి పోయారు. సరిగ్గా అప్పుడే పైన కూడా మంచు కాస్త పలచబడి, ఆలస్యమైన విమానమొకటి మా మీదుగా చాలా కిందనుంచి పోయింది. అందరూ వరుసలు మరిచిపోయి చేతులూపారు. పైనుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ దేశమనుకున్నారో తెలియదు. వదిన మాత్రం తల ఎత్తలేదు. కొంగు పట్టుకున్న పిల్లలను అట్లాగే నడిపించుకుంటూ కాషాయం దగ్గరికి తీసుకుపోయి, ఒక్కొక్కరినీ గీత మీద నిలబెట్టి, ఒకడి కాలరు సర్ది, తన కూతురి తల ఒకసారి నిమిరి, మళ్లీ ఒక్కతే నడుచుకుంటూ తన కొసకు పోయి నిలబడింది. ఆమె నడుస్తున్నంతసేపూ నేను మైకులో తెలుపు అర్థం చదువుతున్నాను. కాగితంలో వరుస అట్లా ఉంది.

అంతా అయ్యాక ఆఫీసు గదిలో టీ, ఉస్మానియా బిస్కెట్లు. టీచర్లు, అక్క, అమ్మ, నేను, అందరం అందులోనే ఇరుక్కున్నాం. బావకు విమానం వచ్చిందన్న సంతోషం ఒకవైపు, లోపల ఇంకేదో గుచ్చుకుంటున్నట్టు ఇంకోవైపు. అందుకే ఊరుకోలేకపోయాడు. ఊరుకుని ఉంటే ఈ రోజు నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన టీ గ్లాసు పట్టుకొని చార్టు పక్కన నిలబడి, అందరూ వినేటట్టు, "నిజం జెప్తున్న చెల్లె, మూడిట్ల తెలుపే గొప్పది. నడుమ ఉంటది. చక్రం గూడ దాని మీదనే ఉంటది. అది ఎవ్వలకు వడితె వాళ్లకు దొరికేది కాదు" అన్నాడు. టీచర్లు తలలూపారు. అమ్మ కూడా ఊపింది. అక్క పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంది. మైలార్‌దేవ్‌పల్లి టీచరు ఒక్కతే తన టీలోకి చూస్తూ నిలబడింది. నేను కూడా తలూపాననే అనుకుంటున్నాను. ఆ గదిలో అప్పుడు అదే తేలికైన పని.

కాలం గడిచేకొద్దీ మాటలు మెత్తబడతాయంటారు. ఈ ఒక్క మాటను నేను ఇన్నేళ్లుగా అప్పుడప్పుడు తీసి చూసుకుంటున్నాను, ఎక్కడా మెత్తబడలేదు. బడిలో బావను ఎప్పుడూ 'సార్' అని తప్ప పిలవని మా వదిన గ్లాసు బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"అన్నా, గంత గొప్ప రంగైతే, వచ్చే యేడు మా వదినకు కట్టియ్యి."